హెడ్డింగ్ కంట పడాలంటే సైజు, బోల్డ్, రంగు, ఖాళీ... ఏది మేలు?

ఏ3 పోస్టర్ ఒకటి తీసుకుందాం. 297 × 420 మి.మీ. కాగితం. అందులో చెప్పాల్సినవి నాలుగే: ప్రదర్శన పేరు, తేదీ, చోటు, రెండు వాక్యాల వివరం. అన్నిటినీ 24 పాయింట్లలో, నల్లగా, ఒకే ఎడంతో పైనుంచి కిందికి పేర్చి చూడండి. చదవడానికి ఇబ్బందేమీ ఉండదు, కానీ కన్ను ఎక్కడా ఆగదు. పేరు ముందు కనబడాలంటే అది మిగతావాటికి ఏదో ఒక విషయంలో తేడాగా ఉండాలి. డిజైన్ పాఠాల్లో కాంట్రాస్ట్ అనేది ఇదే. ఆ తేడాను సైజులో చూపాలా, బోల్డ్‌లోనా, రంగులోనా, చుట్టూ వదిలే ఖాళీలోనా అన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సింది.

సైజు

దూరం నుంచి చూసేదానికి సైజును మించింది లేదు. మూడు మీటర్ల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం ఎత్తు 25 మి.మీ. ఉండాలని బోర్డులు రాసేవాళ్లు ఒక లెక్క చెబుతారు. 72 పాయింట్లంటే ఒక అంగుళం, అంటే 25.4 మి.మీ. కాబట్టి 72 పెడితే సరిపోతుందనుకుంటే పొరపాటే. పాయింట్ సైజు కొలిచేది అక్షరాన్ని కాదు, ఫాంటు లోపలి గడిని. పైన గుడికి, కింద ఒత్తుకు వదిలిన జాగా కూడా అందులోదే. అక్షరం ఒక్కదాన్నే చూస్తే ఆ ఎత్తులో సగానికి కాస్త అటూఇటూ వస్తుంది, అదీ ఫాంటును బట్టి. ఒక కాపీ ప్రింటు తీసి, ‘ల’ అక్షరం మీద స్కేలు పెట్టి కొలుచుకోవడం ఒక్కటే దారి.

తేడా చూపదలిస్తే గట్టిగా చూపాలి. 24 పక్కన 28 పెడితే చూసేవాళ్లకు అది హెడ్డింగ్‌లా కాక పొరపాటులా కనిపిస్తుంది. పక్కపక్క అంతస్తుల మధ్య కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. మన పోస్టర్‌కు వివరం 24, తేదీ 36, పేరు 72 అనుకోవచ్చు. చిక్కల్లా చోటుతోనే. సైజు రెట్టింపు చేస్తే అక్షరం ఆక్రమించే వైశాల్యం నాలుగింతలవుతుంది. తెలుగు మాటలు అసలే పొడుగు. పేరు ఒక వరసలో పట్టడం లేదని పక్కలనుంచి నొక్కి ఇరికించకండి. అలా నొక్కితే నిలువు గీతలు సన్నబడి, అడ్డ గీతలు మాత్రం లావుగానే ఉండిపోతాయి. అక్షరం వికారంగా తయారవుతుంది. మాట విరిగే చోట రెండో వరసలోకి దించడమే మేలు.

బోల్డ్

నడుస్తున్న పేరాలో ఒక మాటను పట్టి చూపడానికి బోల్డే సరైనది, ఎందుకంటే అక్కడ సైజు మారిస్తే వరస చెదురుతుంది. ఇంగ్లిషుకున్న క్యాపిటల్ అక్షరాల సదుపాయం మన లిపికి లేదు గనక బోల్డ్ మీద భారం ఇంకాస్త ఎక్కువే. పోస్టర్ మీద మాత్రం అది ఒంటరిగా నెగ్గుకురాలేదు. నాలుగడుగులు వెనక్కి వేస్తే 24 బోల్డ్, 24 మామూలు దాదాపు ఒకటే.

ఫాంట్లలో గీతల లావును బరువు అంటారు, దాన్ని అంకెల్లో చెబుతారు; మామూలు అక్షరానిది 400. 400 బరువు నుంచి 500కు మారిస్తే తేడా తెలియదు, 700కు వెళ్లాలి. అసలు మీ ఫాంటులో ఆ బరువు ఉందో లేదో ముందు చూసుకోండి. నోటో సాన్స్ తెలుగులో 100 నుంచి 900 దాకా ఉన్నాయి. మండలి, రామభద్ర లాంటివాటిలో ఉన్నది ఒక్కటే బరువు. అలాంటి ఫాంటుకు బోల్డ్ మీట నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరం చుట్టూ గీత పూసి లావు చేస్తుంది. ఘ, ఝ, క్ష లాంటివాటి లోపలి సందులు పూడుకుపోయి, చిన్న సైజులో మరకల్లా మిగులుతాయి.

రంగు

అందరూ ముందుగా చెయ్యి పెట్టేది దీనిమీదే. ఎక్కువగా మోసపోయేదీ దీనితోనే.

రంగులో మూడు గుణాలున్నాయి: ఏ రంగు అన్నది ఒకటి, ముదురా లేతా అన్నది రెండు, ఎంత గాఢం అన్నది మూడు. మనం ఎంచుకునేటప్పుడు మొదటిదాన్ని చూస్తాం. అక్షరం విడివడి కనబడటం మాత్రం రెండోదానిమీద ఆధారపడుతుంది. వెబ్ పేజీలు అందరికీ చదవడానికి వీలుగా ఉండాలని డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో దీనికో కొలత పెట్టారు. అంకె పెద్దదైతే తేడా ఎక్కువని అర్థం. తెలుపు మీద నలుపుకు 21:1. తెలుపు మీద స్క్రీన్ తాలూకు స్వచ్ఛమైన నీలానికి 8.6:1, ఎరుపుకు 4:1, పసుపుకు 1.07:1. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. అంటే తెల్ల కాగితం మీద పసుపు హెడ్డింగ్ పెట్టడం, పెట్టకపోవడం ఒక్కటే. నీలం మీద ఎరుపు 2.15:1 మాత్రమే, పైగా ఆ రెండూ పక్కపక్కన చేరితే అంచులు అదురుతున్నట్టుంటాయి.

ఎరుపు అంకెను మరోసారి చూడండి. నలుపు 21 అయితే ఎరుపు 4. హెడ్డింగ్‌ను అదే సైజులో, అదే బరువులో ఉంచి ఎర్రగా మారిస్తే, కాగితానికీ దానికీ ఉన్న తేడా తగ్గిందే తప్ప పెరగలేదు. దగ్గర నుంచి చూస్తే ఎరుపు పిలుస్తుంది. దూరం నుంచి దానికింద ఉన్న నల్ల వివరమే ముందు చదవబడుతుంది. ఫోన్లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. ఎర్ర హెడ్డింగ్ బూడిద రంగులోకి దిగిపోవడం కళ్లారా కనిపిస్తుంది. అందుకే రంగు వేసిన చోట సైజో బోల్డో తోడు ఇవ్వాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని కళ్లు కూడా తక్కువేమీ కాదు. వాళ్లకు ఆ తోడే దారి చూపుతుంది.

అచ్చులో ఇంకో రెండు తలనొప్పులు. తెరమీద మెరిసే ఆకుపచ్చ, నీలం సీఎంవైకే సిరాల్లోకి, అంటే అచ్చులో వాడే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాల్లోకి వచ్చేసరికి మందగిస్తాయి. నాలుగు సిరాలు కలిపి సన్న అక్షరాలు వేస్తే, ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అంచుల వెంబడి రంగు చారలు తేలతాయి. కాబట్టి చిన్న అక్షరాలు ఒక్క నల్ల సిరాతోనే వేయించాలి.

ఇంత చెప్పాక రంగును పక్కన పెట్టమని కాదు. ఇరవై వరసల పట్టికలో ఒక్కదాన్ని చూపాలన్నా, మ్యాపులో ఒక చుక్కను పట్టించాలన్నా రంగుకు పోటీ లేదు; చదవకముందే కన్ను దాన్ని పట్టుకుంటుంది. అదీ మిగతాదంతా ఊరుకున్నప్పుడే. నాలుగు చోట్ల ఎరుపు పూస్తే ఐదో ఎరుపును ఎవరూ చూడరు.

ఖాళీ

ఖర్చు లేనిది, అయినా అందరూ జంకేది. “ఇంత జాగా ఊరికే వదిలేశారేం?” అని పోస్టర్ చేయించుకునేవాళ్లు అడగకుండా ఉండరు.

ప్రయోగం చేసి చూడండి. పేరును 36 పాయింట్లకే ఉంచి, పై సగమంతా ఖాళీగా వదిలేసి, దాని కింద ఎడమ మార్జిన్‌కు ఆనించి పెట్టండి. చుట్టూ మరేమీ లేదు గనక కన్ను నేరుగా అక్కడికే పోతుంది. సైజుతో రావాల్సిన ప్రాధాన్యంలో చాలా భాగం సైజు పెంచకుండానే వచ్చింది. మార్జిన్ 20–25 మి.మీ. ఉంచండి. పేరుకూ దాని వివరానికీ మధ్య 8 మి.మీ. వదిలితే, ఆ గుంపుకూ తర్వాతి గుంపుకూ మధ్య 24 మి.మీ. వదలండి. హెడ్డింగ్‌కు పైన ఉన్న ఎడం కింద ఉన్నదానికన్నా ఎప్పుడూ ఎక్కువే ఉండాలి. రెండూ సమానమైతే అది పై పేరాకు చెందిందో కింది పేరాకు చెందిందో తెలియక మధ్యలో వేలాడుతుంది.

ఖాళీని అన్నివైపులా సమానంగా పంచేయడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. నాలుగు సంగతులు నాలుగు మూలలకు నెట్టి నడుమ గొయ్యి వదిలితే కన్ను ఆ గొయ్యిలోనే పడుతుంది. ఖాళీ అంతా ఒకవైపు కుప్పపోయాలి. వరసల మధ్య ఎడం సంగతి వేరు: ఇంగ్లిషుకు సరిపోయే, అక్షర సైజుకు 1.2 రెట్ల ఎడం తెలుగుకు చాలదు. పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుకుంటాయి. 1.5 దగ్గర మొదలుపెట్టండి.

పది కాగితాలు అంటించిన బోర్డు మీద మాత్రం ఖాళీ ఓడిపోతుంది. పక్క పోస్టర్ వచ్చి అంచుకు ఆనగానే మీ మార్జిన్ మాయం. అక్కడ నేపథ్యానికి ఒక లేత రంగు వేసి కాగితం హద్దు తెలిసేలా చేయాలి. ఫోన్ తెరమీద కూడా వదలడానికి అంత జాగా ఉండదు, సైజూ బోల్డూ కలిపి వాడుకోవాల్సిందే.

మరి దేనితో మొదలుపెట్టాలి?

పోస్టర్ అయితే ముందు ఖాళీ, తర్వాత సైజు. ఆ రెండింటితో పని జరిగితే అక్కడే ఆగండి. తక్కినవి అవసరపడితేనే. నాలుగూ ఒకే హెడ్డింగ్ మీద కుమ్మరించి ఉంటే ఒక్కోటే తీసేసి చూడండి. తీశాక కూడా పేరే ముందు కనబడితే తీసింది అదనమే. కనబడటం అంటే మీ కుర్చీలోంచి కాదు. తెరమీద పదో వంతుకు తగ్గించి, లేదా ప్రింటు గోడకు అంటించి రెండు మూడు మీటర్ల దూరాన కళ్లు సగం మూసి చూడాలి. అక్షరాలు కరిగి మచ్చలవుతాయి. ఏ మచ్చ ముందు పైకి వస్తోందో అదే మీ హెడ్డింగ్, మీరు ఏది అనుకున్నా సరే.

మన ఏ3కి ఆ లెక్కన: పైన 140 మి.మీ. ఖాళీ, నల్లగా 72 పాయింట్ల పేరు, దానికి 8 మి.మీ. కింద 24 పాయింట్ల వివరం, 24 మి.మీ. వదిలి తేదీ, చోటు. తేదీ ఒక్కటే 36 పాయింట్లలో, బోల్డ్‌లో, ఎర్రగా. కళ్లు సగం మూసి చూసినప్పుడు ఆ ఎరుపే పేరుకన్నా ముందు పైకి వస్తుంటే సైజుల జోలికి వెళ్లకండి. ఎరుపు గాఢత తగ్గించి ఇటుక రంగు వైపు జరపండి.