హ్యాండ్‌హెల్డ్ స్టాక్ యాప్: 3 స్టార్లు, అవీ రెండో వెర్షన్‌కే

మాది విశాఖ ఆటోనగర్‌లో చిన్న గోడౌన్, సబ్బులు బిస్కెట్లు లాంటి సరుకు. పుస్తకంలో రాసి సాయంత్రం కంప్యూటర్‌లో ఎక్కించే బాధ తప్పుతుందని రెండు హ్యాండ్‌హెల్డ్‌లు, అంటే చేత్తో పట్టుకుని బార్‌కోడ్ స్కాన్ చేసే మెషీన్లు, కొని, స్టాక్ యాప్ మాత్రం ఊళ్ళోనే ఒక సాఫ్ట్‌వేర్ వాళ్ళ దగ్గర చేయించాం. పేరెందుకులెండి, ఇప్పుడు కాస్త దారిలో పడ్డారు.

మెషీన్లకి వంక పెట్టక్కర్లేదు, ట్రిగ్గర్ నొక్కితే చటుక్కున చదివేస్తుంది, ఒకసారి లారీ మీంచి కింద పడ్డా ఏం కాలేదు. గోలంతా యాప్‌తోనే. ఏసీ రూములో కూర్చుని చేసిందని మొదటిరోజే తెలిసిపోయింది. ఒక్కో ఐటమ్‌కి ఐదు గళ్ళు నింపాలి, కీబోర్డ్ పైకొచ్చి సగం స్క్రీన్ మూసేస్తుంది, సేవ్ బటనేమో చిటికెనవేలి గోరంత, ఎండలో లారీ లోడింగ్ దగ్గర ఆ లేత బూడిదరంగు అక్షరాలు ఒక్కటి కనపడితే ఒట్టు.

అన్నిటికన్నా కామెడీ క్వాంటిటీది. స్కాన్ చేసింది కర్సర్ ఎక్కడుంటే అక్కడ పడిపోతుంది, టైప్ చేసినట్టే. కర్సర్ క్వాంటిటీ గడిలో ఉండగా మావాడు ఇంకో సబ్బుల ప్యాక్ స్కాన్ చేశాడు, 890తో మొదలయ్యే 13 అంకెల బార్‌కోడ్ మొత్తం క్వాంటిటీ అయి కూర్చుంది. "ఏటి సార్, మన దగ్గర ఇన్ని సబ్బులున్నాయా" అని వాడు నవ్వుతాడు, నాకేమో ఏడుపు. ఆ గడిలో నాలుగంకెలు దాటనివ్వకపోతే పోయేది కదా.

మాది రేకుల షెడ్డు, లోపల ర్యాకుల దగ్గర సిగ్నల్ సున్నా. 2014లో హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరికి నెట్ ఉంటేనే కదిలే యాప్ ఇస్తారా ఎవరన్నా? గొడవ చేస్తే ఆఫ్‌లైన్ పెట్టారు, దాంతో ఇంకో తద్దినం. డేటా వెళ్ళాక సర్వర్ నుంచి జవాబొచ్చేలోపు సిగ్నల్ పోతే అదే లాట్ మళ్ళీ పంపేది, స్టాక్ డబుల్! ఇప్పుడు ప్రతి స్కాన్‌కి మెషీన్‌లోనే ఒక నంబర్ పడుతోంది, ఆ నంబర్ ముందే ఎక్కి ఉంటే సర్వర్ వదిలేస్తుంది.

ఇదంతా ఎప్పుడు మారిందంటే, వాళ్ళ కుర్రాడొకడొచ్చి పొద్దున్నుంచి చీకటి పడేదాకా మా కలాసీలతో తిరిగాక. స్కాన్, అంకె, ఎంటర్, అంతే. తప్పయితే చేతిలో జుయ్‌మని వణుకుతుంది, లారీ ఇంజన్ల మోతలో బీప్ వినపడదని ఆ కుర్రాడే చూశాడు. లేబుల్ చిరిగి బార్‌కోడ్ నంబర్ చేత్తో కొట్టినా చివరి అంకె, అంటే ముందు 12 అంకెల్ని బట్టి లెక్కలో వచ్చేది, కుదరకపోతే తీసుకోదు.

మరి 3 స్టార్లే ఎందుకంటే, పొరపాటున స్కాన్ అయిన ఒక్కదాన్ని తీసేయడానికి ఇప్పటికీ మూడు స్క్రీన్లు వెనక్కెళ్ళాలి. అడిగితే వచ్చే అప్‌డేట్‌లో అంటున్నారు, సంక్రాంతి నుంచీ అదే మాట.