ఆర్లాండా నుంచి స్టాక్‌హోమ్: 18 నిమిషాల రైలా, మార్స్తా బస్సా?

ఆర్లాండా విమానాశ్రయం స్టాక్‌హోమ్‌కు ఉత్తరాన దాదాపు 40 కి.మీ. దూరంలో ఉంది. ఊళ్ళోకి వెళ్ళే దారుల మధ్య ధరలో ఇంత తేడా ఎందుకో తెలియాలంటే ముందు ఒక సంగతి చెప్పుకోవాలి. విమానాశ్రయం కింద నుంచి వెళ్ళే రైలు మార్గాన్ని 1990లలో ఒక ప్రైవేటు కంపెనీ పెట్టుబడితో కట్టారు. 1999లో రైళ్ళు మొదలయ్యాయి. పెట్టిన డబ్బు రాబట్టుకునే హక్కు కూడా ఆ కంపెనీదే. ఇక్కడి ఖర్చుల చిక్కంతా అక్కడే పుట్టింది.

ఆర్లాండా ఎక్స్‌ప్రెస్ ఆ కంపెనీ బండే. గంటకు 200 కి.మీ. వేగం, మధ్యలో ఎక్కడా ఆగదు, దాదాపు 18 నిమిషాల్లో సెంట్రల్ స్టేషన్‌లో దింపుతుంది. రద్దీ వేళల్లో పది నిమిషాలకొకటి దొరుకుతుంది. టెర్మినల్ 5 కింద ఉన్నది ఉత్తర స్టేషన్, టెర్మినల్ 4 వైపున్నది దక్షిణ స్టేషన్. సామాను పెట్టుకోవడానికి చోటు బాగానే ఉంటుంది. ఒక్కరికి 300 క్రోనాలు (స్వీడన్ కరెన్సీ) దాటుతుంది కాబట్టి ఒంటరిగా వెళ్ళే పర్యాటకుడికి నేను దీన్ని సిఫారసు చేయను. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తుంటే గ్రూప్ టికెట్ల ధర చూడండి, లెక్క చాలా మారుతుంది.

ఇక కమ్యూటర్ రైలు, అంటే ఊరికీ శివార్లకూ మధ్య తిరిగే లోకల్ రైలు. స్థానిక రవాణా సంస్థ ఎస్‌ఎల్ నడుపుతుంది. టెర్మినల్ 4, 5 మధ్య ఉన్న స్కై సిటీ హాలు కింది ఆర్లాండా సెంట్రల్ స్టేషన్ నుంచి దాదాపు 40 నిమిషాలు. మామూలు ఎస్‌ఎల్ టికెట్ 40 పైచిలుకు క్రోనాలే, 75 నిమిషాల్లోపు బస్సు, మెట్రో, రైలు ఎన్నయినా మారవచ్చు. కానీ ఆర్లాండా సెంట్రల్ గేటు దాటాలంటే దానిపైన, రైలు మార్గం కట్టిన ఆ కంపెనీకి వెళ్ళే స్టేషన్ రుసుము కట్టాలి. అది టికెట్ ధరకు మూడింతలు దాటుతుంది. తిరుగు ప్రయాణంలోనే ఎక్కువ మంది దొరికిపోతారు: ఊళ్ళో మామూలు టికెట్‌తో హాయిగా ఎక్కుతారు, ఆర్లాండాలో బయటపడే గేటు దగ్గర రుసుము అడుగుతారు. విమానానికి టైమైపోతుంటే అక్కడ నిలబడటం ఏమంత బాగుండదు. ఇంకో తప్పు, బోర్డు చూడకుండా ఎక్కడం. అదే స్టేషన్ నుంచి ఉప్‌సాలా వైపూ రైళ్ళు వెళ్తాయి, అది పూర్తిగా ఎదురు దిక్కు.

రుసుము తప్పించుకునే దారి 583 నంబరు బస్సు. టెర్మినల్ బయట ఎక్కితే పావుగంటకు అటూ ఇటూగా మార్స్తా స్టేషన్ వస్తుంది. మార్స్తా లైను చివరి స్టేషన్ కాబట్టి ఏ కమ్యూటర్ రైలు ఎక్కినా స్టాక్‌హోమ్ వైపే వెళ్తుంది. బస్సుకూ రైలుకూ కలిపి ఒకే మామూలు టికెట్. మొత్తం గంట పైన పడుతుంది. రెండు పెద్ద సూట్‌కేసులు, చంకలో పిల్లాడు ఉంటే వద్దు. భుజాన ఒక సంచీ ఉన్నవాళ్ళకు ఇంతకన్నా మంచి బేరం లేదు. స్టాక్‌హోమ్ ఐటీ కంపెనీల పేట కిస్తాలో పనిచేసే మన వాళ్ళకైతే ఇదే దగ్గర దారి: సిటీ దాకా పోకుండా హెలెనెలుండ్‌లో దిగి లోకల్ బస్సు పట్టుకోవచ్చు.

సిటీలో కూడా ఎక్కడ దిగాలో చూసుకోండి. 2017లో తెరిచిన స్టాక్‌హోమ్ సిటీ స్టేషన్ చాలా లోతున ఉంది, ఎస్కలేటర్ల మీద ఎస్కలేటర్లు. మీ హోటల్ వాసాస్టాన్ పేటలో ఉంటే దానికి ముందు స్టేషన్ ఓడెన్‌ప్లాన్‌లోనే దిగండి. పాత ఊరు గామ్లా స్టాన్ అయితే మెట్రోలో ఇంకొక్క స్టేషన్, కానీ అక్కడి రాళ్ళు పరిచిన సందుల్లో సూట్‌కేసు చక్రాల గతి అంతే. చలికాలంలో మంచు మీద జారకుండా కాలిబాటల మీద చల్లే కంకర వాటికి ఇంకో పరీక్ష.

బస్సు డ్రైవర్ టికెట్ అమ్మడు, నగదు తీసుకోడు. బ్యాంకు కార్డును రీడర్‌కు తాకించాలి. ఒక కార్డుకు ఒక మనిషే, కాబట్టి భార్యాభర్తలు ఇద్దరూ చెరొక కార్డు పట్టుకోండి, లేదా ఎస్‌ఎల్ యాప్‌లో కొనండి. రూపే మీద ఆధారపడకుండా వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ తెచ్చుకోండి. రిజర్వ్ బ్యాంక్ 2020 నిబంధన వల్ల మన కార్డుల్లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ ముందే ఆన్ అయి ఉండవు. హైదరాబాద్‌లో విమానం ఎక్కకముందే బ్యాంక్ యాప్‌లో రెండూ ఆన్ చేయండి. ఓటీపీ ఇండియా నంబరుకే వస్తుంది, ఇక్కడ దిగాక ఆ సిమ్‌కు సిగ్నల్ లేకపోతే చేతిలో కార్డున్నా లేనట్టే.

సెంట్రల్ స్టేషన్ పక్కనున్న సిటీ టెర్మినల్‌కు ఎయిర్‌పోర్ట్ బస్సు కూడా ఉంది. దాదాపు 45 నిమిషాలు, ట్రాఫిక్ ఉంటే ఎక్కువ. ఎక్కాక మళ్ళీ దిగే పనిలేదు కాబట్టి సామాను ఎక్కువున్న పెద్దవాళ్ళకు నా ఓటు దీనికే.

ట్యాక్సీ విషయంలో మాత్రం జాగ్రత్త. స్వీడన్‌లో 1990 నుంచి ట్యాక్సీ ధరలపై నియంత్రణ లేదు, ఎవరి రేటు వారిదే. వెనక కిటికీ మీద పసుపు, తెలుపు స్టిక్కర్‌లో పెద్ద అంకె ఉంటుంది: 10 కి.మీ., 15 నిమిషాల ప్రయాణానికి ఆ బండి తీసుకునే మొత్తం. వరుసలో మొదటి బండే ఎక్కాలని లేదు. ఊళ్ళోకి ఫిక్స్‌డ్ ధర ఎంతో అడిగి, డ్రైవర్ ఒప్పుకున్నాకే డిక్కీలో సామాను పెట్టండి.