మాగ్నెటిక్ నానో పార్టికల్స్: అమ్మోనియా పోసి చెయ్యాలా, 320 డిగ్రీల్లో ఉడికించాలా?

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మాగ్నెటైట్ (అయస్కాంతానికి అంటుకునే నల్లటి ఐరన్ ఆక్సైడ్) నానో పార్టికల్స్ చేద్దామనుకునేవాళ్ళు కో-ప్రెసిపిటేషనా (ఇనుప లవణాలు కలిపిన నీళ్ళలో అమ్మోనియా పోసి కణాలు దింపడం), థర్మల్ డీకంపోజిషనా (ఐరన్ కాంపౌండ్‌ని బాగా వేడిచేసి విడగొట్టడం) అని తెగ ఆలోచిస్తారు. నన్నడిగితే చాలామందికి మొదటిదే చాలు.

1981లో ఫ్రెంచ్ కెమిస్ట్ మాసార్ చూపించిన దారే ఇప్పటికీ నడుస్తోంది. ఫెర్రిక్ క్లోరైడ్ రెండు మోల్స్‌కి ఫెర్రస్ క్లోరైడ్ ఒకటి చొప్పున నీళ్ళలో కలిపి, నైట్రోజన్ పంపిస్తూ అమ్మోనియా పోస్తే ఆరెంజ్‌గా ఉన్నదల్లా క్షణంలో నల్లగా అయిపోద్ది, బీకర్ పక్కన మాగ్నెట్ పెడితే ఆ నలుపంతా అటువైపు గోడకి చేరిపోయి నీళ్ళు తేటపడతాయి, ఒంపేసి కడుక్కోవడమే. జాగ్రత్తంతా ఫెర్రస్ క్లోరైడ్ దగ్గరే. డబ్బా తీస్తే లేత ఆకుపచ్చగా ఉండాలి, గోధుమరంగుకి తిరిగిందంటే ఆక్సిడైజ్ అయినట్టే, ఎంత కరెక్టుగా తూచినా నిష్పత్తి తప్పుద్ది.

లోపం సైజు. సగటు 10 నానోమీటర్లు వచ్చినా అందులో 5వి ఉంటాయి, 15వి ఉంటాయి.

థర్మల్‌లో ఆ గొడవ లేదు. సియోల్ నేషనల్ యూనివర్సిటీలో హ్యోన్ టీమ్ 2004లో ఐరన్ ఓలియేట్‌ని (ఇనుము, ఓలిక్ యాసిడ్ కలిసిన కాంపౌండ్) ఆక్టాడెసీన్ అనే సాల్వెంట్‌లో 320 డిగ్రీల దాకా వేడిచేసి ఒక్క బ్యాచ్‌లో 40 గ్రాములు తీశారు, అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకటే సైజు. కానీ ఆర్గాన్ లైను, హీటింగ్ మాంటిల్, ఖరీదైన సాల్వెంట్ కావాలి, పైగా కణాల మీద ఓలిక్ యాసిడ్ పొర ఉంటుంది కాబట్టి హెక్సేన్‌లో కలుస్తాయి గానీ నీళ్ళలో కలవవు. ఆ పొర మార్చేటప్పుడే అసలు తలనొప్పి, చాలాసార్లు ముద్దకట్టేస్తాయి.

మరి సైజు ఒకేలా ఉండటం అంత అవసరమా అంటే, పనిని బట్టి. సుమారు 20 నానోమీటర్ల లోపు మాగ్నెటైట్ సూపర్‌పారామాగ్నెటిక్, అంటే మాగ్నెట్ తీసేస్తే వాటి అయస్కాంతం కూడా పోద్ది, మళ్ళీ విడిపోతాయి. డీఎన్‌ఏ తీయడానికో నీళ్ళు శుభ్రం చేయడానికో ఈ గుణం ఉంటే చాలు, సైజు కాస్త అటూఇటూ అయినా నష్టం లేదు. అంతెందుకు, 2009లో అమెరికా ఎఫ్‌డీఏ ఓకే చేసిన ఫెరుమాక్సిటాల్, రక్తహీనతకి నరంలోకి ఎక్కించే మందు, అది కూడా నీళ్ళలో అమ్మోనియాతో చేసేదే, కాకపోతే చక్కెర జాతి పాలిమర్ ముందే కలుపుతారు.

హైపర్‌థెర్మియా, అంటే ఈ కణాల్ని వేడెక్కించి క్యాన్సర్ గడ్డని మాడ్చే పద్ధతి, దాని సంగతి వేరు. ఏసీ ఫీల్డ్‌లో (దిక్కు మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రంలో) పుట్టే వేడి ఒకట్రెండు నానోమీటర్ల తేడాకే బాగా మారిపోద్ది, అన్ని సైజులూ కలిసుంటే ఏ కణం ఎంత వేడెక్కిందో ఎలా చెప్తారు? అక్కడ మాత్రం గైడ్ వెంటపడి ఆర్గాన్ సిలిండర్ తెప్పించుకోండి.