ఆపరేషనా, విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లా?

కావలిలో మా వీధి కుక్క రాజికి తోక కింద కాలీఫ్లవర్‌లా ఎర్రటి గడ్డ లేచింది. కూర్చున్న చోటల్లా రక్తం చుక్కలు. డాక్టర్ గారు చూసి టీవీటీ అన్నారు. జత కట్టినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకునే క్యాన్సర్ అది. మనుషులకు రాదు.

అందరూ ముందు అడిగేది ఆపరేషనే. ఒక్క రోజులో పని అయిపోతుంది, చిన్న గడ్డకైతే సరే. మూత్రం దారి పక్కన ఉంటే మాత్రం మొత్తం తీయడం కష్టం, కాస్త మిగిలినా మళ్ళీ లేస్తుంది.

విన్‌క్రిస్టిన్ అలా కాదు. వారానికో ఇంజెక్షన్, మామూలుగా 4 నుంచి 6. మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసే మందే ఇది! చాలా కుక్కలకు పూర్తిగా నయమవుతుంది. రాజికి రెండో ఇంజెక్షన్ తర్వాత రక్తం ఆగింది, గడ్డ ఎండిన రేగుపండులా ముడుచుకుపోయింది.

అయితే ఈ మందుకు తెల్ల రక్తకణాలు పడిపోతాయి, జబ్బులు తట్టుకునే శక్తి తగ్గుతుంది. అందుకే రక్తపరీక్ష చేయించాకే తర్వాతి డోసు. వాంతులు కావచ్చు, తిండి మానేయొచ్చు. మందు నరం దాటి బయటికి జారితే అక్కడ కండ కుళ్ళుతుంది, కాబట్టి కుక్క కదలకుండా గట్టిగా పట్టుకోవాలి. దాని మూత్రం, మలం గ్లౌజులతోనే తీయాలి. గర్భిణులు దగ్గరికి రాకూడదు.

వీధి కుక్క వారం వారం దొరకడమే అసలు టెన్షన్. అయినా నా ఓటు ఇంజెక్షన్లకే. ఆ రోజుల్లో రాజిని మా వరండాలోనే కట్టేసుకున్నాం.