ఆకుకూరలకి మైక్రోన్యూట్రియెంట్ పొడి: పిచికారీకి సరే, వేర్లకి దండగ

గ్రో బ్యాగుల్లో కోకోపీట్, వర్మీకంపోస్టు కలిపి ఆకుకూరలు పెంచేవాళ్ల కోసం రాస్తున్నా. మైక్రోన్యూట్రియెంట్ (మొక్కకి కొద్దికొద్దిగా కావాల్సిన సూక్ష్మ పోషకాల) పొడి ఆన్‌లైన్‌లో కొన్నాను, కంపెనీ పేరు వద్దులెండి. ఇనుము, జింకు, మాంగనీసు, రాగి ఈడీటీఏ (లోహాల్ని పట్టి ఉంచి మొక్కకి అందేలా చేసే రసాయనం) రూపంలో ఉన్నాయి, బోరాన్ కూడా ఉంది. మా పాలకూర కొత్త ఆకుల్లో ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మధ్యంతా నిమ్మపండు రంగుకి తిరిగింది, అంటే ఇనుము లోపం (పాత ఆకులు ముందు పసుపెక్కితే నత్రజనో మెగ్నీషియమో చూసుకోండి, ఈ పొడి డబ్బులు మిగులుతాయి). లీటరు నీటికి గ్రాము తూచి కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తే ఆ తర్వాతి ఆకులు నిగనిగలాడుతూ వచ్చాయి, పాడైనవి మాత్రం పూర్తిగా కోలుకోలేదు. తోటకూరలో పెద్ద తేడా ఏం లేదు.

మొక్క మొదట్లో, వేర్లకి పోస్తే మాత్రం లాభం లేదు. మా బోరు నీళ్లలో క్షారం ఎక్కువ, పీహెచ్ (ఆమ్ల-క్షారాల కొలత) 6.5 దాటాక ఈడీటీఏ ఇనుముని సరిగ్గా పట్టి ఉంచలేదు, అలాంటి చోట ఖరీదెక్కువైనా ఈడీడీహెచ్ఏ (క్షారంలోనూ ఇనుముని వదలని ఇలాంటి రసాయనమే) ఇనుమే కొనాలి. ఈ ఒక్క ముక్క ప్యాకెట్ మీద రాయడానికి వీళ్లకేం నొప్పో! "100% ఆర్గానిక్" అని మాత్రం పెద్ద అక్షరాలతో వేశారు, ఈడీటీఏ ఫ్యాక్టరీలో తయారయ్యే రసాయనం కదండీ. పైగా మోతాదు "ఒక స్పూను" అట, ఏ స్పూను? బోరాన్ కాస్త ఎక్కువైతే చాలు, ఆకు అంచులు మాడిపోతాయి. చిన్న తూకం మిషన్ తప్పనిసరి. ప్యాకెట్ జిప్ సరిగ్గా పడదు, తేమకి పొడి గడ్డకడుతోంది, రాగానే గాజుసీసాలో పోసుకోండి. 5కి 3 ఇస్తాను.