ప్రపంచపు తొలి ఫుట్‌బాల్ క్లబ్బు జాడలో ఒక శనివారం: షెఫీల్డ్ నడక యాత్రపై సమీక్ష

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో ముగ్గురు స్థానికులు కలిసి నడిపే ఫుట్‌బాల్ చరిత్ర నడక యాత్రకు గత నవంబరులో మా మామయ్యగారితో కలిసి వెళ్లాను. 1857లో పుట్టి నేటికీ ఆడుతున్న షెఫీల్డ్ ఫుట్‌బాల్ క్లబ్బు తొలి సీజన్లను, ఆనాటి స్థలాల మీదనే నిలబెట్టి చెప్పడం ఈ యాత్ర ఉద్దేశం. డబ్బుకు తగిన విలువ ఉందా అని అడిగితే ఉందనే చెబుతాను. అయితే ఇంత మంచి విషయాన్ని చేతిలో ఉంచుకొని, వరుస తప్పించి చెప్పడం వల్లా, ఎక్కువసేపు ఆగవలసిన చోట తొందరపడడం వల్లా నిర్వాహకులు కొంత పోగొట్టుకుంటున్నారు. ఆ రెండు లోపాలూ సులభంగా సరిదిద్దుకోగలిగినవే కాబట్టి వాటిని వివరంగానే రాస్తున్నాను.

ముందుగా అవసరమైన వివరాలు. ఒక్కొక్కరికి 25 పౌండ్లు తీసుకున్నారు. ఉదయం పది గంటలకు నగరం నడిబొడ్డున మొదలై మధ్యాహ్నం మూడు దాటాక ముగిసింది. మా బృందంలో పదకొండుమందిమి ఉన్నాం. చివరి మజిలీకి వెళ్లే బస్సు టికెట్టు, భోజనం మన ఖర్చే. షెఫీల్డ్ కొండల మీద కట్టిన ఊరు కాబట్టి ఎక్కుడు, దిగుడు తప్పవు. మామయ్యగారికి డెబ్బై దాటాయి, అయినా మా మార్గదర్శకుడు ఆయన నడకను గమనిస్తూ, ప్రతి ఎక్కుడు దగ్గరా మాటల మిషతో బృందాన్నంతటినీ ఆపుతూ వచ్చాడు. ఎవరికీ చిన్నతనం కలగకుండా అలా చూసుకోవడం నాకు ఎంతో నచ్చింది.

యాత్ర మొదలయ్యేది క్రూసిబుల్ థియేటర్ ఎదుట. 1977 నుంచి ప్రపంచ స్నూకర్ పోటీలు జరుగుతున్న భవనంగా ఇది చాలామందికి తెలుసు. ఒకప్పుడు ఈ స్థలంలో అడెల్ఫీ హోటల్ ఉండేది. క్లబ్బు ఏర్పడిన మరుసటి సంవత్సరం, అంటే 1858 అక్టోబరులో, సభ్యులు ఆ హోటల్లోనే సమావేశమై తమ ఆట నిబంధనలను ఖరారు చేసుకున్నారు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టడానికి అప్పటికి ఇంకా అయిదేళ్లుంది. పెద్ద పాఠశాలలు ఒక్కొక్కటీ ఒక్కో తీరున బంతాడుకుంటున్న కాలమది. ఒకచోట బంతిని చేత్తో పట్టుకొని పరుగెత్తవచ్చు, మరొకచోట ఎదుటివాడి మోకాలి కింద తన్నడం కూడా ఆటలో భాగమే. షెఫీల్డ్ యువకులు ఆ పద్ధతులను తెప్పించుకొని చదివి, తమకు పనికివచ్చేవి ఉంచుకొని, పదకొండు నిబంధనలు రాసుకున్నారు.

మార్గదర్శకుడు ఆ పదకొండింటి నకలును అట్టకు అంటించి అందరి చేతికీ ఇచ్చాడు. యాత్ర మొత్తంలో నాకు అత్యంత విలువైనదిగా అనిపించిన వస్తువు ఆ అట్ట. ఎదుటివాణ్ని చేతులతో నెట్టవచ్చు కాని, కాలితో తన్నడం, కాలు అడ్డుపెట్టి పడగొట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చెల్లదని ఒక నిబంధన చెబుతుంది. బంతిని చేత్తో కొట్టవచ్చు, నెట్టవచ్చు, పట్టుకొని ఉంచుకోకూడదు. బంతికన్నా ముందుగా ఎదుటి గోలు దగ్గర కాచుకొని ఉండడాన్ని తప్పుపట్టే ఆఫ్‌సైడ్ అన్న మాటే అందులో లేదు. చివరి నిబంధన ప్రకారం ప్రతి ఆటగాడూ ఎరుపు రంగుదొకటి, ముదురు నీలం రంగుదొకటి ఫ్లానెల్ టోపీలు తనే సమకూర్చుకోవాలి, ఆ రోజు ఏ పక్షాన ఆడితే ఆ రంగు టోపీ పెట్టుకోవాలి. ఈ చివరి వాక్యాన్ని మార్గదర్శకుడు ఒక వింతగా చదివి దాటేశాడు. నిజానికి ఆ క్లబ్బు తొలి సీజన్ల స్వరూపమంతా ఆ వాక్యంలోనే ఉంది. ఆడడానికి మరో క్లబ్బు లేదు కాబట్టి తమలో తామే ఆడుకోవాలి, ఎవరు ఎటువైపో వారం వారం మారుతుంది కాబట్టి ప్రతివాడి దగ్గరా రెండు రంగుల టోపీలూ ఉండాలి.

ఇక్కడినుంచి యాత్ర నేరుగా బ్రామల్ లేన్ స్టేడియానికి వెళ్తుంది, ఆ తరువాతే క్లబ్బు పుట్టినచోటికి తీసుకెళ్తారు. అంటే మనం 1858 నుంచి 1862కు వెళ్లి, అక్కడినుంచి 1857కు వెనక్కి వచ్చి, చివరికి 1860లో తేలుతాం. విషయం ముందే చదివి వెళ్లిన నాకే తేదీలు కలగాపులగమయ్యాయి. మా బృందంలో ఉన్న ఇద్దరు విద్యార్థినులు రెండో మజిలీ దగ్గరే కాగితం మీద రాసుకోవడం మానేశారు. ముందు క్లబ్బు పుట్టిన ఈస్ట్ బ్యాంక్ రోడ్డుకు, అక్కడినుంచి బ్రామల్ లేన్‌కు వెళ్తే నడక పెద్దగా పెరగదు, కథ కూడా దాని వరుసలో సాగుతుంది. నేను మాత్రం ఈ సమీక్షలో కాలక్రమాన్నే పాటిస్తాను.

ఈస్ట్ బ్యాంక్ రోడ్డు దగ్గర చూడడానికి ఏమీ మిగలలేదు. ఆ సంగతిని మార్గదర్శకుడు దాచకుండా ముందే చెప్పాడు. 1857 అక్టోబరు 24న క్లబ్బు ఏర్పడినప్పుడు దానికి తొలి కార్యాలయం, ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గది, సమస్తమూ ఒక తోటలోని మొక్కల షెడ్డే. దాని ఎదుట ఉన్న మైదానంలో ఆడుకునేవారు. క్లబ్బును స్థాపించిన నథానియల్ క్రెస్విక్, విలియం ప్రెస్ట్ ఇద్దరూ అప్పటికి పాతికేళ్ల ప్రాయంవారు. క్రెస్విక్ వెండి పూత సామాను తయారుచేసే కుటుంబం నుంచి వచ్చిన న్యాయవాది, ప్రెస్ట్ ద్రాక్షసారా వ్యాపారి, మంచి క్రికెటర్. శీతకాలంలో క్రికెట్ ఉండదు కాబట్టి ఒళ్లు బిగువు సడలకుండా ఏదో ఒక ఆట కావాలన్నది వారి ఆలోచన. సభ్యుల్లో ఎక్కువమంది అలాగే స్థితిమంతుల పిల్లలు, వృత్తుల్లో స్థిరపడినవారు. ఎవరికీ ఆడినందుకు డబ్బు లేదు, పైగా ఆడడానికి తామే చందా కట్టుకునేవారు.

ఈ మజిలీ దగ్గర మార్గదర్శకుడి కథనం అద్భుతంగా ఉంది. చూపించడానికి ఏమీ లేనప్పుడు మాటే పని చేయాలి, ఆ పని ఇక్కడ జరిగింది. జట్లను ఎలా విడదీసేవారో అతడు ఒక్కొక్కటిగా చెప్పాడు. ఒక వారం పెళ్లయినవారికీ బ్రహ్మచారులకూ పోటీ. ఇంకో వారం ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి, అక్షరమాలలో ముందు సగం ఒకవైపు, వెనక సగం మరొకవైపు. మరోసారి న్యాయవాదులు, వైద్యులు వంటి వృత్తులవారు ఒక జట్టు, వ్యాపారులు, తయారీదారులు మరో జట్టు. ఇది విని మామయ్యగారి ముఖం వెలిగిపోయింది. తూర్పుగోదావరి జిల్లా హైస్కూళ్లలో ముప్ఫై ఏళ్లకు పైగా డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన మనిషి ఆయన. పక్క ఊరి బడికి జట్టు లేకపోతే తొమ్మిదో తరగతివాళ్లను ఊళ్లోవాళ్లు ఒక పక్కగా, హాస్టలు పిల్లలు ఒక పక్కగా విడదీసి ఆడించేవారట. “జట్టు కట్టడం గొప్ప కాదండీ, ఎదుటి జట్టును పుట్టించుకోవాలి, కష్టమంతా అక్కడే ఉంది” అని ఆయన అన్న మాటను నేను ఇంగ్లీషులో చెప్పగా, మార్గదర్శకుడు తన పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ ఎదుటి జట్టు షెఫీల్డ్ క్లబ్బుకు మూడేళ్లకు దొరికింది. నగరానికి పడమటి దిక్కున ఎత్తు మీద ఉన్న హాలం గ్రామస్థులు 1860లో తమ క్లబ్బును పెట్టుకున్నారు. ఆ డిసెంబరు 26న, క్రిస్మస్ మరునాడు, శాండీగేట్ మైదానంలో రెండు క్లబ్బులూ తలపడ్డాయి. షెఫీల్డ్ తరఫున పదహారుమంది, హాలం తరఫున ఇరవైమంది ఆడారు. షెఫీల్డ్ 2-0తో గెలిచింది. ఆ మైదానంలో 1804 నుంచి క్రికెట్ ఆడుతున్నారు. ఇప్పటికీ హాలం క్లబ్బు ఫుట్‌బాల్ ఆడేది అక్కడే. ప్రపంచంలోకెల్లా పాత ఫుట్‌బాల్ మైదానంగా గిన్నిస్ సంస్థ దానిని గుర్తించింది.

యాత్రలో ఆఖరుదైన ఈ మజిలీకి మిగిలిన సమయం సరిగ్గా ఇరవై అయిదు నిమిషాలు. నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే. బస్సు దిగి మైదానం అంచున నిలబడగానే మొదట తెలిసేది దాని వాలు. పక్కనుంచి చూస్తే ఒక చివర మరో చివరకన్నా ఎంత ఎత్తుగా ఉందో కంటికి స్పష్టంగా కనబడుతుంది. చుట్టూ మామూలు ఇళ్లు, గాలి విసురు, తడి గడ్డి. ఇరవైమంది హాలం కుర్రాళ్లు ఈ వాలు మీద పుట్టి పెరిగినవారై ఉండి కూడా పదహారుమంది పట్నంవారికి ఎందుకు ఓడిపోయారు? మూడు సీజన్ల పాటు తమలో తాము ఆడుకున్న సాధన ఎంత పనిచేసి ఉంటుంది? ఇలాంటి ప్రశ్నలు వేసుకుంటూ ఒక గంట తిరగవలసిన చోటు అది. మామయ్యగారు అంచు వెంబడి సగం దూరం నడిచేసరికే బస్సు వేళయిందని పిలిచారు.

ఆ తొందరలో మార్గదర్శకుడు ఒక తప్పు కూడా చెప్పాడు. శాండీగేట్‌లో ప్రపంచంలోనే మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగిందన్నాడు. అంతకుముందు మూడేళ్లుగా షెఫీల్డ్ సభ్యులు తమలో తాము ఆడినవి మ్యాచ్‌లు కాకపోతే మరేమిటి? ఇక్కడ జరిగింది రెండు క్లబ్బుల మధ్య తొలి మ్యాచ్ అనాలి. ఈస్ట్ బ్యాంక్ దగ్గర అంత చక్కగా చెప్పిన మనిషే ఈ భేదాన్ని చెరిపేయడం నన్ను బాధించింది. పెళ్లయినవారూ బ్రహ్మచారులూ ఆడిన ఆ తొలి సీజన్లు లేకుండా శాండీగేట్ లేదు.

బ్రామల్ లేన్ దగ్గర దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఇబ్బంది. అక్కడ గంటా పది నిమిషాలు నిలబెట్టారు. అందులో ఎక్కువ భాగం నేడు అక్కడ ఆడే షెఫీల్డ్ యునైటెడ్ అనే మరో క్లబ్బు ఆటగాళ్ల గురించీ, బయట ఉన్న విగ్రహాల గురించీ గడిచింది. అవి తెలుసుకోవాలనుకునేవారికి వేరే యాత్రలున్నాయి. ఈ యాత్రకు సంబంధించినంతవరకూ ఆ స్థలంలో చెప్పవలసిన రోజు 1862 డిసెంబరు 29. 1855లో క్రికెట్ కోసం తెరిచిన ఆ మైదానంలో ఆనాడు షెఫీల్డ్, హాలం జట్లు లాంకషైర్ ప్రాంతపు నూలు కార్మికుల సహాయనిధి కోసం ఆడాయి. మూడు గంటల ఆటలో ఒక్క గోలు పడలేదు కాని, దెబ్బలాట మాత్రం జరిగింది. వాటర్‌ఫాల్ అనే హాలం ఆటగాడు క్రెస్విక్ మీదికి పోయి పలుమార్లు కొట్టాడు. క్రెస్విక్ తిరిగి చెయ్యెత్తలేదు. ఆటలో ఎర్రకార్డు వంటిది పుట్టని కాలం కాబట్టి వాటర్‌ఫాల్‌ను శిక్షగా గోలు కాపలాకు పంపారు. ఈ ఘట్టాన్ని మార్గదర్శకుడు నాలుగు నిమిషాల్లో ముగించాడు.

సహాయనిధి ఎందుకు అవసరమైందన్నది అసలు చెప్పనేలేదు. అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి ఓడలు రావడం ఆగిపోయి లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి. ఆ పత్తి కరవులోనే గుంటూరు ప్రాంతపు పత్తికి గిరాకీ పెరిగి, కాకినాడ రేవు వ్యాపారం పుంజుకుంది. ఈ సంగతిని మామయ్యగారే నాకు వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో చెప్పారు. ఆయన స్వస్థలం కాకినాడ. చిన్నప్పుడు విన్న పాత పత్తి గిడ్డంగుల కబురుకూ, షెఫీల్డ్‌లో గోలు లేకుండా ముగిసిన ఒక ఆటకూ కారణం ఒకటేనని తెలిసి మేమిద్దరం చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం.

యాత్ర ముగింపులో ఇచ్చే చిన్న పుస్తకం బాగుంది. 1867లో పన్నెండు క్లబ్బులతో జరిగిన యూడన్ కప్పు గురించి అందులో రెండు పుటలున్నాయి. ఫైనల్లో హాలం జట్టు నార్‌ఫోక్ జట్టును గెలిచింది గోల్స్‌తో కాదు, ‘రూజ్’ అనే పాయింట్లతో. గోలుకు అటూ ఇటూ మరో రెండు జెండాలు పాతి, వాటి మధ్యనుంచి వెళ్లిన బంతిని ప్రత్యర్థులకన్నా ముందు వెళ్లి తాకినవారికి ఇచ్చే పాయింటు అది. బొమ్మ వేసి చూపడం వల్ల నాకు మొదటిసారి స్పష్టంగా అర్థమైంది. మైదానం మూలనుంచి బంతిని తన్నే కార్నర్ కిక్కు ముందుగా షెఫీల్డ్ నిబంధనల్లో చోటుచేసుకొని, 1872లో లండన్‌లోని ఫుట్‌బాల్ అసోసియేషన్ నిబంధనల్లోకి వెళ్లిన సంగతీ, 1877 వరకూ షెఫీల్డ్ తన నిబంధనలను నిలుపుకున్న సంగతీ అందులోనే ఉన్నాయి. పాత మినిట్స్ పుస్తకాలు, తొలి నిబంధనల ప్రతి ఉన్న పత్రాల సంపుటిని క్లబ్బు 2011లో వేలానికి పెట్టగా 8,81,250 పౌండ్లు పలికిందని కూడా రాశారు. నిధుల కోసం తన పుట్టుక పత్రాలను తానే అమ్ముకోవలసి వచ్చిందని చదివినప్పుడు నాకు మనసు కలుక్కుమంది.

వెళ్లదలచినవారికి రెండు సూచనలు. ఈ యాత్ర షెఫీల్డ్ క్లబ్బు నేటి మైదానానికి తీసుకెళ్లదు. అది 2001 నుంచి పొరుగున ఉన్న డ్రాన్‌ఫీల్డ్ పట్టణంలో ఉంది, ఆసక్తి ఉంటే మరో రోజు విడిగా వెళ్లండి. రెండోది, హాలం జట్టుకు శాండీగేట్‌లో మ్యాచ్ ఉన్న శనివారాన్ని చూసుకొని బుక్ చేసుకోండి. యాత్ర ముగిశాక బృందంతో బస్సెక్కకుండా అక్కడే ఉండిపోయి, గేటు దగ్గర టికెట్టు కొనుక్కుంటే ఆ ఇరవై అయిదు నిమిషాల కొరత తీరుతుంది. వాలు ఎటుందో చూసుకొని, పై అంచున నిలబడండి. మామయ్యగారు ఏప్రిల్‌లో కాకినాడకు తిరుగు ప్రయాణం. ఆలోగా ఆయన్ను మళ్లీ తీసుకెళ్లడానికి మార్చిలో ఒక శనివారం చూసి పెట్టుకున్నాను.