ఇంటి ముందు తురాయా, వేపా, తాడా? తుఫాను గాలికి ఏది మేలు?

మా బావమరిది కావలి ఊరి చివర ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం అయిన వారానికే ఫోన్ చేశాడు. "బావా, ఇంటి ముందు నీడకి తురాయి పెడదామనుకుంటున్నా. నాలుగైదేళ్ళలో గొడుగులా పరుచుకుంటుందంట. అమ్మేమో వేప పెట్టమంటోంది. నువ్వేమంటావు?"

అత్తయ్య మాటే సరి అన్నాను. ఎందుకో చెప్పమన్నాడు. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను, మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు గాలి సంగతి. గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 54 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 14 కిలోల బరువంత ఒత్తిడి పెడితే, 108 కిలోమీటర్ల గాలి 55 కిలోల బరువంత పెడుతుంది. ఆకులు ముడుచుకుని, కొమ్మలు వంగి కొంత గాలిని వదిలేస్తాయి కాబట్టి అదంతా చెట్టు మీద పడదు. కానీ పడినంత మాత్రం చెట్టు పైభాగాన పడుతుంది. కంచె గుంజ పీకాలంటే మనమేం చేస్తాం? వాన పడి నేల మెత్తబడ్డాక, పైకొస పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపుతాం. తుఫాను చెట్టుకి చేసేదీ అదే. మన తీరానికి పెద్ద తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే వస్తాయి. అప్పటికే ఈశాన్య రుతుపవనాల వానకి నేల నాని ఉంటుంది.

ఈ లెక్కలో తురాయి ఎక్కడా నిలబడదు. మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టది. మే నెలలో పూస్తే కళ్ళు తిప్పుకోలేం, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ వేర్లు పైపైనే పాకుతాయి, చెక్క పెళుసు, తల వెడల్పు. గాలికి కొమ్మ విరగకపోతే మొత్తం చెట్టే వేరుగడ్డతో సహా లేచిపోతుంది. రోడ్డు పక్కనో పార్కులోనో పెట్టండి. గోడకి పదడుగుల్లో మాత్రం వద్దు.

తాటిచెట్టుకి సాటి లేదు. గాలి పట్టుకోవడానికి పక్క కొమ్మలే లేవు, పైన ఉన్న కాసిని ఆకులూ వెనక్కి మళ్ళిపోతాయి. మానులో గట్టి చెక్క అంతా బయటి అంచునే ఉంటుంది, లోపల మెత్తన. చెట్టు వంగినప్పుడు భారం ఎక్కువ పడేది కూడా ఆ అంచు మీదే. ఇక వేరు సంగతి తేగలు తవ్వుకు తిన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఆకు పైకి రాకముందే మొలక నేలలోకి దిగుతుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి మా పెద్దవాళ్ళు చెప్పేటప్పుడు తాటిచెట్లు నిలిచాయనే మాట తప్పకుండా వస్తుంది. అయితే తాడి ఎదగడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది, నీడ చారెడు. పొలం గట్టుకి దానికి మించింది లేదు, వాకిలికి మాత్రం పనికిరాదు. సరుగుడు కూడా అడిగాడు. వరసలుగా వేస్తే ఒకదానికొకటి అండగా ఉంటాయి. అంచు వరసలు కొట్టేస్తే లోపలివి గాలికి పడిపోతాయి. ఒంటరి సరుగుడు ఇంటికి వద్దు.

అందుకని వాకిలికి వేపే. గట్టి చెక్క, లోతు వేరు, ఎండకి చల్లని నీడ. అలాగని వేప పడదని కాదు. మా వీధిలో పాతికేళ్ళ వేప ఉండేది. కాలువ తవ్వినవాళ్ళు దాని ఉత్తరం వైపు వేర్లన్నీ తెగ్గొట్టారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మన తీరం వెంబడే ఉత్తరంగా నడిచి బాపట్ల దగ్గర తీరం దాటింది. అలా నడిచేటప్పుడు మనకి గాలి ఈశాన్యం, ఉత్తరం దిక్కుల నుంచి వీస్తుంది. గాలి వచ్చే వైపు వేర్లే పందిరికి కట్టిన తాళ్ళలా చెట్టుని పట్టుకుంటాయి. ఆ తాళ్ళు తెగిపోయి ఉన్నాయి. చెట్టు తెల్లవారుజామున దక్షిణానికి ఒరిగింది. ఆ చోటు చూస్తే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. నరికింది గాలి కాదు కదా.

ఇంకో తప్పు మనమే చేస్తాం. మేకలకి మేత కోసం కింది కొమ్మలన్నీ కొట్టేసి, పైన గుబురు వదిలేస్తాం. గాలి పట్టేదంతా పైకొసకే చేరుతుంది, గుంజని పైన పట్టుకున్నట్టే. పోనీ సెప్టెంబరులో తల మొత్తం నరికి మోడు చేద్దామంటే, ఆ ఏడాది గండం గడుస్తుంది గానీ, నరికిన చోట పుచ్చు పడుతుంది, చుట్టూ గుత్తులుగా లేచే చిగుళ్ళు పైపొరని పట్టుకుని ఉంటాయి. రెండు మూడేళ్ళకి అవే ముందు విరుగుతాయి. ఈ రెండిటికన్నా, పొడుగు కొమ్మల్ని ఒక గట్టి పక్క కొమ్మ దాకా కోసి కురచ చేయడం మేలు. కూలి ఎక్కువైనా సరే, అదే చేయించండి.

మొక్క విషయంలో కూడా గట్టిగా చెప్పాను. నర్సరీలో సంచిలో చాలాకాలం పెరిగిన ఎనిమిదడుగుల మొక్క చూడ్డానికి బాగుంటుంది. లోపల వేరు గుండ్రంగా చుట్టుకుని ఉంటే, నేలలో పెట్టినా ఆ చుట్టు విడదు. గింజ నాటడమే మంచిది, లేదంటే చిన్న మొక్క. వేప గింజ మొలిచే శక్తి కొద్ది వారాలే ఉంటుంది కాబట్టి రాలిన వెంటనే నాటాలి.

ఏ దిక్కున పెట్టాలి? గాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం నుంచి మొదలవుతుంది కాబట్టి ఇంటికి ఆ రెండు దిక్కులూ వదిలి, నైరుతిలో పెట్టమన్నాను. సాయంత్రపు ఎండ కూడా అటే. తుఫాను కేంద్రం దాటే కొద్దీ గాలి దిక్కు మారుతుంది కనక ఇది పూర్తి భరోసా కాదు. కుదిరినంత దూరం పెట్టాల్సిందే. కాంక్రీటు కూడా మొదలు దాకా పోయనివ్వద్దన్నాను.

"సరే బావా, గుంట ఎక్కడ తీయాలో నువ్వే వచ్చి చూపించు" అన్నాడు. ఆదివారం వెళ్తున్నాను. అత్తయ్య అప్పుడే గుడి దగ్గరి వేప కింద పండ్లు ఏరి, కడిగి, నీడలో ఆరబెట్టిందట.